చెంచులకు తీరని ఋణము

హైదరాబాదు నుండి బందరుకు పోవు రాజమార్గమున పాలేరు దాటి పూర్వపు కృష్ణా మండలపు మెట్టసీమలో అడుగిడు బాటసారికి మొదట తగులు పెద్ద వర్తకస్థానము జగ్గయ్యపేట. పూర్వము దీని పేరు బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తండ్రి జగ్గయ్య పేరు నిలుపగోరి యిచ్చట పేట కట్టించెను. కృష్ణ కావలి యొడ్డున తల్లి అచ్చమ్మ పేర అచ్చంపేటను నెలకొల్పెను. నందిగామ పరగణాపై తాతముత్తాతల నాటినుండి అధికారము గల కుటుంబమున పుట్టి, చింతపల్లి కోటనుండి యేలి, పిమ్మట అమరావతిని రాజధానిగ జేసికొని 1816లో కన్నుమూసిన ఈ జమీందారుని దాతృత్వమును మెట్టసీమవారు నేటికిని చెప్పుకొందురు. మంగళగిరిలో పదునొకండంతస్తుల గాలిగోపురము ఆయన 1807-09 నడుమ కట్టించినదే.

ఆ ప్రభువు పేరనే కృష్ణ కావలి యొడ్డున మరియొక వృత్తాంతము కలదు. చెంచులు పల్లెలపై బడి దోచుచున్నారని ఫిర్యాదులు రాగా, వారి నణచుటకు నాయుడు వారిని విందునకు బిలిపించి, వచ్చిన నూటయేబది మందిని, కొందరు చెప్పునట్లు ఆరువందల మందిని, అచ్చటికచ్చటనే తలలు నరికించెననియు, అమరావతి చెంత నరుకుళ్లపాడను గ్రామమునకు ఆ పేరు ఆనాటినుండియే వచ్చినదనియు జనశ్రుతి. సంఖ్యలో కథకులకు ఏకీభావము లేదు గాని, విందు పేర పిలుచుటయు, పిలిచినవారిని చంపించుటయు అందరి నోటను ఒక్కతీరుననే వినవచ్చును. విస్తరి ముందు గూర్చున్నవాడు శత్రువైనను అతిథియే యని నమ్మెడి దేశమిది. విందునకు వచ్చిరన్నంతనే చెంచులు దొర మాటను విశ్వసించిరని తెలియుచున్నది. దోపిడికాండ్రని పేరుపడినవారు నమ్మిరి. ధర్మప్రభువని పేరుపడినవాడు ఆ నమ్మకమును చంపించెను.

వారు దోచిరనియే యనుకొందము. ఎందుకు దోచిరని ఆ కథ అడుగదు. నల్లమలలో శ్రీశైలమునకు బోవు యాత్రికులను కొండదారుల వెంట కాపాడి, అందులకు ప్రతిఫలముగ రుసుము గైకొను కావలివారు ఈ చెంచులే. దుంపయు, తేనెయు, వేటయు నిచ్చెడి అడవి దివాణపు లెక్కలలో బీడుగను, బీడు శిస్తు గట్టు పొలముగను మారిన కొలది, నిన్నటి కావలివాడే నేటి దొంగయై లెక్కకెక్కినాడని నా అభిప్రాయము. అట్టివాని తప్పును విచారించుటకు సభ కలదు, శిక్షించుటకు చెఱసాల కలదు. వాడు మాత్రము విచారణ లేకయే, నోటి ముందరి ముద్దతోడనే చచ్చెను.

తరువాతి కథ తెలుగువారందఱికిని తెలిసినదే. ఆనాటినుండి నాయుడు భోజనమునకు గూర్చున్నంతనే విస్తరిలోని అన్నము పురుగులై కనబడినదట. పశ్చాత్తప్తుడై ఆయన అమరావతికి వచ్చి అమరేశ్వరుని పాదములబడి, శేషజీవితమును దేవాలయములకును దానధర్మములకును ధారవోసెనట. ఈ కథలో నన్ను కలచివేయునది పురుగుల ముచ్చట గాదు. నరికివేత జరిగిన మరుక్షణమునుండి కథ యంతయు దొర వెంటనే నడచును. దొర యాకలి, దొర భయము, దొర ప్రాయశ్చిత్తము, దొర కట్టించిన గోపురములు. ఆ సాయంకాలము గూడెములలో ఎదురుచూచిన భార్యలేమైరి? బిడ్డలనెవరు సాకిరి? చచ్చినవారిలో నొక్కని పేరైనను కథకుడు చెప్పడు. ప్రాయశ్చిత్తము పొందిన దేవునికి చెంచులు కంటకులు గారు, కంటకులైనది దొరకు. అపరాధము జరిగినది మనుష్యులకు, ఆ ఋణము తీర్చబడినది దేవునికి.

ఆ దేవుడు వారికి పరాయివాడును గాడు. జగ్గయ్యపేటకు దాపున కృష్ణాతీరమందలి వేదాద్రిలో వెలసిన నరసింహస్వామిని మెట్టసీమవారు ఇలవేల్పుగ గొలుతురు. ఆ నరసింహుడు చెంచులక్ష్మిని వలచి పెండ్లాడినవాడని, అనగా చెంచుల యింటి అల్లుడని, తెలుగునాట పసిపిల్లలకును తెలియును. శ్రీశైల మల్లన్నను చెంచులు తమవాడనియే కొలుతురు. మంగళగిరి వేలుపు ఆ నరసింహుడే. చెంచులను నరికించిన చేతులే చెంచుల యల్లునికి పదునొకండంతస్తుల గోపురమెత్తినవని తలచినపుడు దానిని మునుపటివలె చూడజాలకున్నాను.

ఇట్టిదే యొక ఘోరము 1838 జూన్ 10న ఆస్ట్రేలియాలోని మయాల్ క్రీక్ అను చోట జరిగినది. పశువుల మందలవారు ఇరువదియెనిమిది మంది ఆదివాసులను, అందు అధికులు స్త్రీలు, బాలురు, వృద్ధులు, కట్టివైచి చంపిరి. అచ్చట న్యాయస్థానము విచారించి ఏడుగురిని ఉరితీసెను. ఆ దేశమున అట్టి శిక్ష మిక్కిలి యరుదు. ఆ యొక్క తీర్పుతో తెల్లవారి పాపమంతయు కడుగబడినదని నేననను. ఆదివాసుల నేల ఎవ్వరిదియు గాని నేలయను న్యాయశాస్త్రపు కల్పన తొలగుటకు 1992 నాటి మాబో తీర్పు వచ్చువరకు వేచియుండవలసివచ్చెను. అయినను, చంపినవారి వంశీయులును చచ్చినవారి వంశీయులును కలసి 2000 సంవత్సరమున మయాల్ క్రీక్‌లో స్మారకశిలను నిలిపిరి.

మరల మన మెట్టసీమకు వత్తము. ఇచ్చట జమీందారు కత్తి పోయిన పిదప ఆంగ్ల ప్రభుత్వపు కాగితము వచ్చెను. బందరు ఉప్పును లోపలి సీమలకు గాడిదలపై మోసిన ఉప్పు ఎరుకలవారును, ఎద్దుల బిడారులతో ధాన్యమును దండులకు చేరవేసిన లంబాడీలును ఈ బందరు దారినే తరతరములు త్రొక్కిరి. రైలు వచ్చి, ఉప్పుపై సర్కారు పన్ను వచ్చి, ఆ వృత్తి నశించెను. వృత్తి పోయినవారిని ఆదుకొనవలసిన ప్రభుత్వము 1871 నాటి నేరస్థ జాతుల చట్టమును 1911లో మద్రాసు రాజధానికి వర్తింపజేసి, పుట్టుకచేతనే దొంగలని వారి వ్రేలిముద్రలు గైకొనెను. జాబితాకెక్కినవాడు బిడ్డ పెండ్లికి పొరుగూరు వెళ్లవలెనన్నను అనుమతి చీటీ కావలెను; రాత్రివేళ గ్రామాధికారి యెదుట హాజరు పలుకవలెను; పలుకకున్న అదియే నేరము. బాపట్ల చెంత స్టూవర్టుపురము, బెజవాడ కెదుట సీతానగరము ఎరుకలవారి సెటిల్‌మెంట్లయినవి. ఆ చట్టము మద్రాసులో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31న రద్దయ్యెను. ముద్రపడిన కుటుంబములు మాత్రము ఊరిలో దొంగతనమైన ప్రతిసారియు మొదట ఠాణాకు పిలువబడుచునే యుండెను.

స్వతంత్ర భారతమున వీరికి హక్కులు లేవనలేము. ఎరుకలు, యానాదులు, లంబాడీలు ఆంధ్రప్రాంతపు షెడ్యూల్డు తెగలుగ 1956 నాటికే గుర్తింపబడిరి. పాలేరు కావలి కోదాడ ప్రక్కనున్న లంబాడీలకు, ఈ తాండాలవారితో వియ్యమందిన వారికే, ఆ గుర్తింపు 1976 నాటి సవరణతో గాని రాలేదు. ఒకే యింటి యక్కచెల్లెండ్రలో ఏటి కీవలకు మెట్టినదాని బిడ్డకు బడిలో ఉపకారవేతనము, ఆవలకు మెట్టినదాని బిడ్డకు లేదు. ఇరువది యేండ్లు అట్లు గడచెను. గిరిజనుని భూమి గిరిజనేతరుని చేతికి పోరాదని శాసించిన వన్ ఆఫ్ సెవెంటీ, అనగా 1970లో గట్టిపరచిన భూమి బదలాయింపు నిబంధన, ఏజెన్సీ ప్రాంతమునకే గాని జగ్గయ్యపేట, నందిగామ మెట్టలకు వర్తింపదు. భద్రాద్రి మన్యమున కోయవానికి గల కవచము మునేటి గట్టున చేపలుపట్టి, పొలములలో ఎలుకలు త్రవ్వి బ్రతుకు యానాదికి లేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవినంటియుండి బ్రతుకువారికి. ఈ యానాదికి అడవియు లేదు, పొలమును లేదు.

వాసిరెడ్డివారి శాఖకే చెందిన ముక్త్యాల రాజా నందికొండ ప్రాజెక్టునకై పట్టుదలతో పనిచేసిన మహనీయుడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ యానకట్ట ఎడమకాలువ నీరు ఈ మెట్టలకు పారినది. నీరు పారిన నేలకు ధర వచ్చెను. ధర వచ్చిన నేలపై పట్టా లేనివాడు నిలువజాలడు. ప్రభుత్వము పేదలకిచ్చిన భూమి అక్రమముగ చేతులు మారినచో దానిని స్వాధీనపరచుకొని తిరిగి యిప్పించు అధికారము 1977 నాటి అసైన్డు భూముల చట్టమున రెవెన్యూవారికి గలదు. ఆ చట్టము క్రింద మొదట విచారణ జరుగవలసినది జగ్గయ్యపేట, నందిగామ మెట్టల తాండాలలోను, ఎరుకల గుడిసెలలోను, ఏటిగట్టు యానాదివాడలలోను. ఇండ్లస్థలముల పట్టాలు మొదట వ్రాయవలసినది వారి స్త్రీల పేరను. అమరావతి చరిత్రను బడిపిల్లలకు చెప్పు ఉపాధ్యాయుడు గోపురముల యెత్తుతోపాటు నరుకుళ్లపాటిని గూడ చెప్పవలెను, చెంచుల ప్రక్కనుండి చెప్పవలెను.