పదిహేను పిన్నుల పాత చుట్టం

మా ఊరి హైస్కూలు పూర్వ విద్యార్థుల సమావేశంలో పాత ఫొటోలు తెర మీద చూపించే పని నాకు అప్పగించారు. స్కూలు ప్రొజెక్టర్ పాతది, నా ల్యాప్‌టాప్ కొత్తది. ప్రొజెక్టర్ నుంచి వచ్చిన లావుపాటి కేబుల్ చివర నీలిరంగు ప్లగ్గు, దానికి అటూ ఇటూ రెండు స్క్రూలు. దాన్ని గుచ్చే చోటే నా ల్యాప్‌టాప్‌కు లేదు. సైన్సు మాస్టారు బీరువా వెతికి జానెడు తీగ ఉన్న అడాప్టర్ తెచ్చిచ్చారు. బొమ్మ పడింది. కానీ తెల్ల చొక్కాలన్నీ పసుపునీళ్లలో ముంచి తీసినట్టున్నాయి. మాస్టారు ప్లగ్గు ఊడదీసి వెలుతురుకు పట్టి చూస్తే మూడో పిన్ను పక్కకు ఒరిగి ఉంది. "నీలం రావట్లేదండీ, అందుకే ఈ పసుపు" అంటూ ఖాళీ రీఫిల్ గొట్టాన్ని పిన్నుకు తొడిగి మెల్లగా నిలబెట్టారు.

మొదటి పిన్ను ఎరుపుకు, రెండోది ఆకుపచ్చకు, మూడోది నీలానికి. ఈ పంపకం 1987 నాటిది. ఆ ఏప్రిల్‌లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో ఈ పదిహేను పిన్నుల వీజీఏను తెచ్చింది. అంతకుముందున్న ఈజీఏ మానిటర్‌కు సంకేతాలు డిజిటల్‌గానే వెళ్లేవి. ఒక్కో రంగుకు రెండేసి తీగలు, మొత్తం 64 రంగులు, అంతకు మించి దారి లేదు. వీజీఏ ఒక్కో రంగుకు ఒక్క తీగే ఇచ్చి, అందులో వోల్టేజీని సున్నా నుంచి 0.7 వోల్టుల దాకా హెచ్చుతగ్గులు చేసింది. ఎంత వోల్టేజీ ఉంటే అంత వెలుగు. అప్పటి పిక్చర్ ట్యూబులకు కావలసిందీ అదే. దాంతో ఎంచుకోదగిన రంగులు 64 నుంచి 2,62,144కు పెరిగాయి. డిజిటల్‌ను వదిలి అనలాగ్‌కు మళ్లడమే ఆనాటి ముందడుగు. చరిత్రలో ఈ మలుపు నాకు ఎంతో ఇష్టం.

ఇక ప్లగ్గు మీది ఆ నీలిరంగు మొదటి నుంచీ ఉన్నది కాదు. ఏ సాకెట్‌కు ఏ రంగో మైక్రోసాఫ్ట్, ఇంటెల్ కలిసి పీసీ 99 మార్గదర్శకాల్లో చెప్పాక స్థిరపడింది.

పిక్చర్ ట్యూబులు పోయాయి. 2002 డిసెంబరులో బొమ్మను అంకెలుగానే పంపే హెచ్‌డీఎంఐ వచ్చింది. 2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో, శామ్‌సంగ్, ఎల్‌జీ కలిసి 2015 నాటికి వీజీఏకు వీడ్కోలు చెబుతామని ప్రకటించాయి. అంకెలను వోల్టేజీగా మార్చే చిప్పు అప్పటిదాకా కంప్యూటర్ లోపలే ఉండేది. ఇప్పుడది బయటికొచ్చి అడాప్టర్‌లో కూర్చుంది. దానికి కరెంటు కూడా సాధారణంగా హెచ్‌డీఎంఐలోని 5 వోల్టుల పిన్ను నుంచే అందుతుంది. ఇక్కడ మార్చిన వోల్టేజీని ప్రొజెక్టర్ మళ్లీ అంకెలుగా మార్చుకుంటుంది, ఎందుకంటే దాని లోపలి ఎల్‌సీడీ పలకకో, డీఎల్‌పీ చిప్పుకో కావలసింది అంకెలే.

కొనేటప్పుడు దిక్కు చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేది తిరగేసి పెడితే పనిచేయదు. వీజీఏ తీగలో శబ్దం వెళ్లదు కాబట్టి స్పీకరుకు వేరే వైరు కావాలి. కాపీ రక్షణ ఉన్న సినిమాలు ఈ దారిలో తెర మీద పడకపోవచ్చు. ప్రొజెక్టర్ అసలు శక్తి 1024×768 చుక్కలైతే ఏ అడాప్టరూ దాన్ని పెంచలేదు. పాఠానికి అంత చాలు. ల్యాంపు బాగున్న ప్రొజెక్టర్‌ను సాకెట్ కలవలేదని పాత సామాన్ల గదిలో పడేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మళ్లీ ప్లగ్గు పెట్టి స్క్రూలు బిగించాం. చొక్కాలు తెల్లబడ్డాయి, వెనక వరుసలోంచి ఎవరో తమ పదో తరగతి ఫొటో గుర్తుపట్టి కేకేశారు. అందరూ వెళ్లాక మాస్టారు ఆ అడాప్టర్‌ను పురికొసతో ప్రొజెక్టర్ కేబుల్‌కే కట్టేశారు.