చేతి తుపాకి: గుండు కొలతయు, గురి విలువయు



పిస్తోలు, రివాల్వరు అను చేతి తుపాకులకు కాలానుగుణముగ క్రొత్త కొలతల తూటాలు పుట్టుచునే యున్నవి. పుట్టిన ప్రతిదానిని గూర్చియు దానిని చేసినవారు రెండు మాటలు చెప్పుదురు. ఇది వేటకు తగినది యనునది యొకటి; ఆత్మరక్షణకు తగినది యనునది రెండవది. కొత్త ఒక వింత, పాత ఒక రోత యను సామెత మనకు క్రొత్త గాదు. ఈ మాటలలో సత్యమెంతయో తేల్చుటకు కొలబద్ద యేది? అమెరికా దేశమువారు నూటయిరువది యేండ్లకు పైగా ఈ ప్రశ్నతో పెనగులాడుచున్నారు. ఆ చరిత్రను సంగ్రహముగ జెప్పి, దాని వలన నాకు దోచిన నిర్ణయమును మీ ముందుంచెదను.

ముందుగా మాటల కర్థము చెప్పుకొందము. తూటా యనగా ఇత్తడి గొట్టమును, అందలి మందును, కొనయందలి గుండును గలిసిన వస్తువు. గుండు యొక్క అడ్డుకొలతను అంగుళములో నూరవ పాళ్లతో జెప్పుట ఆంగ్లేయులకును అమెరికావారికిని వాడుక. 45 అనిన నూటికి 45 పాళ్లన్నమాట. గుండు బరువును గ్రెయిన్లలో దూతురు. మన పాత తులము సరిగా 180 గ్రెయిన్లు గనుక ఆ లెక్క మనకు సుళువుగనే యందును. కాని పేరును బట్టి కొలతను నమ్మరాదు. 38 స్పెషల్ అను తూటాలోని గుండు నిజమునకు వేయింటికి 357 పాళ్లే. 44 మాగ్నమ్ అను దానిది 429 పాళ్లు మాత్రమే. నామమును జూచి వస్తువును నిర్ణయించుట తర్కమున నెంత దోషమో, ఇచటను నంతే దోషము.

అమెరికా సైన్యము 1892లో 38 కొలతగల రివాల్వరును స్వీకరించెను. దాని గుండు 150 గ్రెయిన్లు, అనగా తులములో ఆరింట ఐదు పాళ్లు. వేగము సెకనుకు ఎనిమిది వందల యడుగులకు లోపు. 1899 మొదలు ఫిలిప్పీను ద్వీపములలో యుద్ధము జరిగెను. అక్కడి దక్షిణ ద్వీపములలోని మోరో యోధులు, పలుమార్లు గుండు దెబ్బ తిన్న పిమ్మటను, కత్తి బట్టి మీదికి వచ్చుచునే యుండిరని సైనికాధికారులు మొరపెట్టుకొనిరి. మూలబడిన పాత 45 రివాల్వర్లను మరల దీసి సైనికుల కీయవలసి వచ్చెను.

అందుపై 1904లో కాప్టెన్ థాంప్సన్, మేజర్ లగార్డ్ అను నిరువురిని పరీక్షకు నియమించిరి. మొదటివాడు ఆయుధశాఖవాడు, రెండవవాడు వైద్యుడు. వారు చికాగో నగరపు పశువుల దొడ్లలో సజీవములైన పశువుల మీదను, మానవ కళేబరముల మీదను పలు కొలతల గుండ్లను ప్రయోగించి చూచిరి. 45కు తక్కువ కొలత సైన్యమునకు పనికిరాదని తీర్పు చెప్పిరి. ఈ మాటను లోకము నేటికిని దలచుకొనుచున్నది. కాని వారు మరియొక మాటయు జెప్పిరి. దేహములో గుండు తగిలినంతనే మనుష్యుని నిలుపగల చోట్లు బహుకొలది గనుక, సైనికునికి గురి నిరంతరము నేర్పవలయునని. ఈ రెండవ మాట మొదటిదానివలె ప్రసిద్ధి కెక్కలేదు.

ఆ పరీక్షయందును లోపము లేకపోలేదు. దొడ్డిలో నిలిచిన పశువునకు కోపముతో మీదికి వచ్చు సంకల్పము లేదు. కళేబరమునకు మనస్సే లేదు. దృష్టాంతము దార్ష్టాంతికమునకు సరిపడనప్పుడు సిద్ధాంతము సందేహాస్పదమే యగును. ఐనను ఆ తీర్పు ననుసరించి 1911లో బ్రౌనింగు అను శిల్పి నిర్మించిన 45 పిస్తోలు సైన్యమున ప్రవేశించి, 1985 వరకు ప్రధానాయుధముగ నిలిచెను. దాని గుండు 230 గ్రెయిన్లు, అనగా రమారమి తులముంబాతిక.

ఇంగ్లండు దీనికి విపరీతముగ నడచెను. తొలి ప్రపంచయుద్ధమున వారి రివాల్వరు 455 పాళ్ల కొలతది. బరువైన ఆ యాయుధమును క్రొత్త సైనికునికి స్వల్పకాలములో నేర్పుట కష్టమని తలచి, 1932లో 38 కొలతకు దిగిరి. రెండు సేనలు, ఒకటే ప్రశ్న, రెండు సమాధానములు. ఒకరు గుండును జూచిరి, మరియొకరు దానిని బట్టిన చేతిని జూచిరి.

ఇక వేట సంగతి. 1935లో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ 357 మాగ్నమ్ అను తూటాను వెలువరించెను. గుండు పాత 38దే. మందు మాత్రము మిక్కుటము. బరువు మారక వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగునని గణితము తెలిసినవారెరుగుదురు. 1955లో 44 మాగ్నమ్ వచ్చెను. ఐడహో రాష్ట్రమున పశువుల పెంపకము, వేట, రచన మూడును జేసిన ఎల్మర్ కీత్ అనునతని పట్టుదల దీనికి ముఖ్యకారణము. దుప్పి మొదలగు పెద్ద జంతువులను చేతి తుపాకితో వేటాడుట దీనితో ప్రబలెను.

వేటకును ఆత్మరక్షణకును గల భేద మీ చోటనే తెలియవలెను. వేటగానికి వ్యవధి యుండును. గురి కుదరనిచో కాల్పక విడిచిపెట్టవచ్చును. కాని మృగమునకు దళసరి చర్మము, బలమైన యెముకలు నుండును. గుండు లోతుగా బోయి హృదయమునో ఊపిరితిత్తులనో చేరవలెను. చేరనిచో ఆ జీవి పొదలలోబడి దినములకొలది బాధపడి చచ్చును. అడవిపందియైనచో, మరునాడు కట్టెల కేగిన స్త్రీ మీద ఆ కసి దీర్చుకొనును. ఆత్మరక్షణ యందో, వ్యవధి క్షణములే. చేయి వణకుచుండును, చీకటి యుండును, వెనుక నింటిలో బిడ్డలు నిద్రించుచుందురు. శత్రువును దాటిపోయిన గుండునకు వారును వీరును లేరు. కావున ఒక పనికి గుణమైనది రెండవ పనికి దోషము గావచ్చును.

తగిలినంతనే విప్పారు గుండు చరిత్ర మన దేశముతో ముడిపడి యున్నది. కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ ఆయుధశాలలో 1890ల నాట రైఫిళ్లకై అట్టి గుండ్లను జేసిరి. 1899లో హేగ్ నగరపు సమావేశమున యుద్ధములో వాటిని నిషేధించిరి. వేటలో మాత్రము, జంతువును శీఘ్రముగ జంపును గనుక, అట్టి గుండే మేలని యెంచుచున్నారు. వస్తువొక్కటే, ప్రయోజనమును బట్టి తీర్పు వేరు.

1986 ఏప్రిల్ 11న మయామీ నగరమున ఇరువురు దోపిడిదొంగలకును అమెరికా ప్రభుత్వపు నేరపరిశోధక శాఖయైన ఎఫ్.బి.ఐ. వారికిని కాల్పులు జరిగెను. ఒక దొంగ చేతి గుండా రొమ్ములో జొచ్చిన 9 మిల్లీమీటర్ల గుండు హృదయమును చేరకయే యాగిపోయెను. వాడు నేలకూలులోపల పోరాటము సాగి, ఆ శాఖవా రిరువురు హతులైరి, ఐదుగురు గాయపడిరి. అంతట ఆ శాఖ పరీక్షకు జిలాటిన్ దిమ్మెలను గైకొని, గుండు కనీసము పండ్రెండంగుళములు చొచ్చుకొనిపోవలెనని నియమించెను. 1983లో పుట్టియుండిన 10 మిల్లీమీటర్ల తూటాను స్వీకరించెను. దాని యెదురుదెబ్బ పలువురికి దుర్భరము గాగా మందు తగ్గించిరి. తగ్గిన మందునకు పొట్టి గొట్టము చాలునని 1990లో 40 కొలత పుట్టెను. తుదకు 2016 నాటికి ఆ శాఖ మరల 9 మిల్లీమీటర్లకే మరలెను. ఈలోపల గుండ్ల నిర్మాణము మెరుగై అదియు కావలసినంత లోతునకు బోవుచున్నది. ఎదురుదెబ్బ తక్కువ గనుక ఎక్కువమంది త్వరగా గురిగా కాల్పగలుగుచున్నారు. ముప్పదియేండ్ల ప్రదక్షిణము బయలుదేరిన చోటనే ముగిసెను.

ఇటీవలి క్రొత్త కొలతలు రెంటిని ఈ కొలబద్దతో జూతము. 2003లో వచ్చిన 500 మాగ్నమ్ గుండ్లలో రెండు తులములకు పైబడినవి కలవు. దాని పెద్ద రివాల్వరు రమారమి రెండు కిలోలు తూగును. ఎలుగుబంట్లు తిరుగు అడవులలో అభ్యాసముగల వేటగానికి అది తగును. ఇంటి రక్షణకు దానిని గొనుట ఈగను దోల రోకలి నెత్తుటయే. 2022లో వచ్చిన 30 సూపర్ క్యారీ యొక్క గుణము, గుండు సన్నమగుటచే చిన్న పిస్తోలులో ఒకటి రెండు తూటాలు అదనముగ బట్టుట. అది రక్షణకై పుట్టినదే. పెద్ద జంతువుపై దాని నుపయోగించుట జంతువునకు హింస, వేటగానికి అపాయము. ఇక రక్షణలోనైనను, ఏ యంగడిలోనైన దొరకు పాత 9 మిల్లీమీటర్ల తూటాను విడిచి దీనిని బట్టుకొనవలసిన హేతువు నాకు గానరాదు. నిత్యము అభ్యసించువానికి తూటా సులభముగ దొరకుటయు నొక గుణమే.

మన దేశమున 1959 నాటి ఆయుధ శాసనము ప్రకారము అనుమతి పత్రము లేనిదే తుపాకి పట్టరాదు. 1972 నాటి వన్యప్రాణి శాసనము వేటను నిషేధించెను. పైరు పాడుచేయు పందినైనను అధికారి యనుమతి లేక కాల్పరాదు. అట్టి యనుమతి దొరకినప్పుడు ఎవరి చేత కాల్పింపవలెనను ప్రశ్న మీ ముందునకే వచ్చును. అప్పుడు ఎవని తుపాకి పెద్దదని యడుగకుడు. ఎవని గురి తప్పదో, గురి కుదరనప్పుడు ఎవడు కాల్పక వెనుకకు మరలగలడో, వానిని విచారించి పంపుడు.