అచ్చుకెక్కిన మన కథలు

శ్రీకాకుళంలోని కథానిలయం చూడాలని మేము ముగ్గురు ఉపాధ్యాయులం చాలా ఏళ్లుగా అనుకుంటూ, చివరికి ఒక దసరా సెలవుల్లో పాలకొండ మీదుగా బస్సెక్కి వెళ్లాం. మాలో ఇద్దరం సవరలం, ఒకరు జాతాపు. ముగ్గురం ఆశ్రమ పాఠశాలల్లో చదివి, టీచర్ ట్రైనింగ్ చేసి, తిరిగి అలాంటి బడుల్లోనే పాఠాలు చెబుతున్నవాళ్లం. కాళీపట్నం రామారావు మాస్టారు తనకు పురస్కారంగా వచ్చిన డబ్బు కూడా పెట్టి 1997లో నెలకొల్పిన గ్రంథాలయం అది. తెలుగులో ఎక్కడ ఏ కథ అచ్చయినా అక్కడ ఒక ప్రతి ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆయనా బడిపంతులే కాబట్టి మాకు ఆ ఇంట్లో కొత్త అనిపించలేదు.

మేము వెతికింది మన కథల కోసం. పోడు మీద, సావుకారి అప్పు మీద, అడవి గార్డు మీద, జీలుగు కల్లు మీద రాసిన కథలు దొరికాయి. కానీ రాసినవారి పేర్లు చూస్తూ పోతే, మేము చూసినంతలో మన ఇంటిపేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. భోజనానికి బయటికి వచ్చినప్పుడు మాలో చిన్నాయన అడిగాడు. "ఇంతమంది మన గురించి రాశారు కదా మాస్టారూ, మనవాళ్లు రాయడం ఎప్పుడు మొదలైంది? మొదలెట్టినవాళ్ల గతేమయింది?" అప్పుడు మా దగ్గర జవాబు లేదు. తర్వాత నాలుగైదేళ్లు దొరికింది దొరికినట్టు చదివి తెలుసుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాం. మాకు జరిగినవి కూడా కొన్ని కలిపాం.

మనకు కథలు లేక కాదు. కందుల కోత అయ్యాక చలిమంట దగ్గర తాత కథ చెబితే, 'ఊఁ' కొట్టేవాడు లేకపోతే కథ ఆగిపోయేది. అది చెప్పుకునే కథ. దాన్ని అక్షరాల్లోకి తెచ్చే పని మన ప్రాంతంలో మొదట చేసినవాళ్లలో గిడుగు రామమూర్తి పంతులు గారు ఉన్నారు. పర్లాకిమిడిలో బడిలో పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. 1931లో సవర వ్యాకరణం, తర్వాత నిఘంటువు తెచ్చారు. ఆయన చేసినంత పని మన భాషకు మనమే చేసుకోలేదని ఒప్పుకోవాలి. ఆ తర్వాత చాలా కాలానికి, 2004లో, గోండి, కోయ, కొలామి, కువి, సవర లాంటి ఎనిమిది భాషల్లో పిల్లలకు తెలుగు లిపితో వాచకాలు తయారుచేసే కార్యక్రమం మొదలైంది. ఆ పనికి ఆయా భాషలు మాట్లాడే టీచర్లను పిలిచారు. మాలో ఒకరం ఆ కార్యశాలలో కూర్చుని, సంతకు వెళ్లి దారితప్పిన మేకపిల్ల గురించి ఎనిమిది వాక్యాల కథ రాశాం. మా చేత్తో రాసి అచ్చులో చూసుకున్న మొదటి కల్పిత కథ అదే. కింద పేరు లేదు. అయినా ఆ పుస్తకం ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాం. ఆవిడ మేక బొమ్మ చూసి, ఇది మన మేక కాదు, కింద దేశం మేక అంది.

మన గురించి ఇతరులు రాసినవి తక్కువేమీ కావు. శ్రీకాకుళం గిరిజన పోరాటం మీద తెలుగులో చాలా కథలు వచ్చాయి. అల్లం రాజయ్య, సాహు కలిసి 'కొమురం భీం' నవల రాశారు. కొండకు అటువైపు కోరాపుట్ కంధుల మీద గోపీనాథ్ మహంతి ఒడియాలో రాసిన 'అమృత సంతానం' నవలకు 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కంధులు జాతాపులకు చుట్టాల వరస కాబట్టి మా మిత్రుడు ఆ నవలను సొంత ఊరి కబురులా చదివాడు. వీళ్ల మీద ఫిర్యాదు చేయడానికి ఈ వ్యాసం రాయడం లేదు. మంచి రచన ఎవరు రాసినా మంచిదే. కాకపోతే వాటిలో మనవాళ్లు ఎక్కువగా రెండే పనులు చేస్తుంటారు. మోసపోతారు, లేకపోతే తిరగబడతారు. అత్తతో గొడవపడేవాడు, పరీక్ష ఫీజు తాగేసినవాడు, బదిలీ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు తక్కువ. మన ఊళ్లలో వాళ్లే ఎక్కువమంది.

ఈ కొరతను చూసి కలం పట్టిన మనిషి ఒకాయన కేరళలో ఉన్నాడు. పేరు నారాయణ్. ఇడుక్కి జిల్లా కొండల్లో మల అరయ తెగలో 1940లో పుట్టాడు. తపాలా శాఖలో ఉద్యోగం. అంటే ఊళ్లో అందరి ఉత్తరాలూ చేతుల మీదుగా పోయే పని. ఆదివాసులను మనుషుల్లా కాకుండా చూపించే రాతలు చదివి ఆయనకూ ఆయన మిత్రులకూ కష్టం కలిగింది. దానికి జవాబుగా ఆయన వ్యాసం రాయలేదు, అర్జీ పెట్టలేదు. నవల రాశాడు. పేరు 'కొచ్చరేత్తి', అంటే అరయ స్త్రీ. కుంజిపెణ్ణు అనే ఆడమనిషి, కొచ్చురామన్ అనే ఆమె మగడు, వాళ్ల మిరియాల పాదులు, ఆ మిరియాలు కొనుక్కుపోయే వర్తకుల తూకాలు, చదువుకుని ఉద్యోగానికి పట్నం చేరిన కూతురు, ఇదీ కథ. చివర్లో జబ్బు పడ్డ కొచ్చురామన్‌ను పెద్దాసుపత్రిలో చేరుస్తారు. కోత ఆపరేషన్ అనగానే ముసలివాళ్లిద్దరూ అక్కడి నుంచి జారుకుంటారు. ఆ పేజీలు చదువుతుంటే మాకు కింగ్ జార్జి ఆసుపత్రి వరండాలో గుడ్డసంచితో కూర్చున్న మనవాళ్లు ఎంతమందో కళ్ల ముందు కదిలారు. వాళ్లది తప్పని ఆయన అనలేదు, ఒప్పనీ అనలేదు. కూతురి బాధా తెలుస్తుంది, ముసలివాళ్ల భయమూ తెలుస్తుంది.

ఆ నవల రాసింది 1988 ప్రాంతంలో. అచ్చయింది 1998లో. పదేళ్లు చేతిరాత ప్రతిగానే ఉండిపోయింది. ఆ పదేళ్లూ ఆయన ఉద్యోగానికి వెళ్లాడు, వచ్చాడు, 1995లో రిటైరయ్యాడు. ఈ సంగతి తెలిసిన రోజు మేము ముగ్గురం చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. పదేళ్లంటే ఒకటో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతి రాసే కాలం. అంతకాలం ఒక కాగితాల కట్టను చెదలకూ వాననీటికీ దొరక్కుండా కాపాడాలి. ఇంట్లోవాళ్లు ఏమయిందని అడగడం మానేశాక కూడా దాని మీద నమ్మకం ఉంచుకోవాలి. అచ్చయిన మరుసటి ఏడాది, 1999లో, ఆ నవలకే కేరళ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2011లో కేథరిన్ థంకమ్మ గారి ఇంగ్లీషు అనువాదాన్ని ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసింది. మేము చదివింది అదే, నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకు నాలుగు పేజీల చొప్పున. 2022 ఆగస్టులో ఆయన చనిపోయినప్పుడు మేము బడిలో పిల్లలకు ఆయన కథ చెప్పాం. ఒక పిల్లవాడు, పోస్టాఫీసు ఆయనే కదా, తన పుస్తకం తనే పోస్టు చేసుకోవచ్చుగా అన్నాడు. నవ్వాం గానీ, పోస్టు చేయడం వరకే మన చేతిలో ఉంటుందని వాడికి ఎలా చెప్పాలో తెలియలేదు.

నారాయణ్‌కు బతికుండగానే పుస్తకం వచ్చింది. రాంచీలో కళాశాలలో పాఠాలు చెప్పిన ఆలిస్ ఎక్కా హిందీలో 'ఆదివాసీ' అనే పత్రికలో కథలు రాసింది. ఆ కథలను వందనా టేటే గారు వెతికి పుస్తకంగా తెచ్చేసరికి ఆవిడ పోయి ఎన్నో ఏళ్లయింది.

మా సంగతికి వస్తే, మాకు పదేళ్లు పట్టలేదు. మాలో ఒకరి కథ మూడో పత్రికకు పంపినప్పుడు తీసుకున్నారు. అంతకుముందు రెండు చోట్ల నుంచి జవాబు లేదు. తిరుగు కవరుకు పెట్టిన స్టాంపులూ పోయాయి. తీసుకున్నవాళ్లు ఫోన్ చేసి, మీవాళ్ల మాటలు పాఠకులకు అర్థం కావు, కొంచెం మారుస్తాం అన్నారు. సరే అన్నాం. అచ్చయ్యే ఆశలో మనిషి దేనికైనా సరే అంటాడు. ఆదివారం ఉదయం పాలకొండ బస్టాండులో పత్రిక కొని తెరిచాం. తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్ల సెలవులకు ఇంటికి వచ్చి, తిరిగి హాస్టల్‌కు వెళ్లనని మొండికేసే కథ అది. పక్కన బొమ్మలో ఆ పిల్ల తల మీద ఈకలున్నాయి, మెడలో ఎముకల దండ, చేతిలో బల్లెం. వెనక గుడిసె ముందు పులి తల వేలాడుతోంది. కథలో పిల్ల యూనిఫాంలో ఉంటుంది, చేతిలో ట్రంకుపెట్టె ఉంటుంది. కథ చివర్లో మేము రాయని వాక్యం కూడా ఒకటి చేరింది, అమాయక గిరిజనుల కన్నీళ్లు ఎవరు తుడుస్తారు అంటూ. ఆ పత్రికను ఊళ్లో ఎవరికీ చూపించలేదు. మాలో రాసినాయన మాత్రం తన పేరున్న ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఉంది. అందుకు ఆయన్ను తప్పుపట్టడం మా వల్ల కాదు.

అచ్చు కావడమే కష్టమని అప్పటిదాకా అనుకునేవాళ్లం. తర్వాత వచ్చే కష్టం గురించి హాంస్దా సౌవేంద్ర శేఖర్ సంగతి తెలిసినప్పుడు ఆలోచించాం. ఆయన సంతాల్, డాక్టరు, ఝార్ఖండ్ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగి. ఇంగ్లీషులో రాస్తాడు. మొదటి నవలకు 2015లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అదే ఏడాది 'ఆదివాసీ ఇక ఆడడు' అని అర్థం వచ్చే పేరుతో కథల పుస్తకం వచ్చింది. పేరు కథలో మంగళ్ ముర్ము అనే ముసలి కళాకారుడు, ఊరి నేలలు పోతుంటే, రాష్ట్రపతి ముందు ఆడమన్నా ఆడనంటాడు. అది చదివి మేము గర్వపడ్డాం. అదే పుస్తకంలో ఇంకో కథలో, పొలం పనులకు వలస పోతున్న ఒక ఆకలి పిల్ల రైల్వేస్టేషన్‌లో తిండికీ యాభై రూపాయలకీ ఒక జవానుకు లొంగిపోతుంది. అది చదివి మేము ఇబ్బంది పడ్డాం. 2017 ఆగస్టులో ఆయన సొంత జాతివాళ్లే కొందరు ఆయన దిష్టిబొమ్మ తగలబెట్టారు, మా ఆడవాళ్లను కించపరిచాడని. అదే నెలలో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించి, ఆయన్ను ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసింది. నిషేధం డిసెంబరులో తీసేశారు. ఉద్యోగం మరుసటి ఏడాదికి గానీ తిరిగి రాలేదు.

ఆ కథ మీద మాలో మాకే రెండు రాత్రులు వాదన జరిగింది. మన పరువు అంగట్లో పెట్టాడని ఒకరం అన్నాం. వలస బస్సులు ఎక్కే పిల్లలను మనం రోజూ చూస్తున్నాం కదా, చూసింది రాస్తే తప్పేమిటని ఒకరం అన్నాం. మూడో ఆయన ఏమీ అనలేదు. ఆయన ఎందుకు అనలేదో తర్వాత తెలిసింది.

ఆయన అప్పటికే ఒక ఎజ్జోడి మీద కథ రాశాడు. జ్వరం వచ్చిన పిల్లవాడికి పూజ చేస్తూ ఎజ్జోడు రెండు రోజులు ఆలస్యం చేస్తాడు, పిల్లవాడు పోతాడు. ఎజ్జోడు చెడ్డవాడు కాదు, పిల్లవాడు పోయాక తన డోలు తనే పగలగొట్టుకుంటాడు. కథ ఒక సంకలనంలో వచ్చింది. కాలేజీ పిల్ల ఒకతె దాన్ని ఊళ్లో చదివి వినిపించింది. మా ఊరి ఎజ్జోడు ఆ రాత్రే ఆయన ఇంటికి వచ్చి, "నేనెప్పుడు పగలగొట్టానురా డోలు? నీకేం అన్యాయం చేశాను?" అని అడిగాడు. ఇది నువ్వు కాదు తాతా, ఊహించి రాసింది అంటే నమ్మలేదు. "ఊహించింది కాగితం మీద ఎందుకు పెట్టావు?" అన్నాడు.

ఈ ప్రశ్న మేము చాలా రోజులు మోశాం. చలిమంట కథలో ఎజ్జోడు పులిగా మారి మనుషులను తిన్నా ఎవరూ కోపగించుకోరు. కాగితం వేరు. మన ఊళ్లకు కాగితం వచ్చిందంటే అది సావుకారి నోటు, లేదా ఫారెస్టు కేసు, లేదా పట్టా. ఏదయినా దాని మీద ఉన్నది నిజమని కచేరీ ఒప్పుకుంటుంది, మనం కాదన్నా సరే. అబద్ధపు కాగితం వల్ల నేల పోయినవాళ్ల మనవలం మనం. అలాంటిచోట ఒకడు కూర్చుని కావాలనే జరగనిది రాసి అచ్చు వేయిస్తే, దాన్ని సాక్ష్యం అనుకోక ఏమనుకుంటారు? రాంచీ వైపు దిష్టిబొమ్మ తగలబెట్టినవాళ్లను మేము సమర్థించం. పుస్తకాన్ని నిషేధించడం తప్పు, రాసినవాడి కూడు తీయడం ఇంకా తప్పు. అయినా ఆ కోపం ఎక్కడ పుట్టిందో మాకు తెలుసు, మా వాకిట్లోనే చూశాం కాబట్టి.

మా మిత్రుడు రెండేళ్లు ఏమీ రాయలేదు. తర్వాత ఒక ఆగం పండగనాడు ఎజ్జోడే పిలిచి, ఆ కాగితం నాకు నువ్వే చదువు, మన మాటలో చదువు అన్నాడు. తెలుగు కథను సవరలోకి మారుస్తూ అప్పటికప్పుడు చెప్పాడు. ముసలాయన మధ్యమధ్య 'ఊఁ' కొట్టాడు. అయిపోయాక, జ్వరం పిల్లవాడు నువ్వు రాసినట్టు వణకడు, ముందు కాళ్లు చల్లబడతాయి, అది కూడా తెలియకుండా ఎలా రాశావు అని తిట్టాడు. డోలు మాట ఎత్తలేదు. పుస్తకంలో వేసినప్పుడు మేము కాళ్లు చల్లబడడం చేర్చాం.

పుస్తకం అన్నాం కదా, అది మా ముగ్గురి కథలూ కలిపి మా జీతాల్లోంచి 32 వేలు పెట్టి వేసుకున్నది. 500 ప్రతులు. ప్రూఫులు మేమే దిద్దుకున్నాం, అట్ట మీద బొమ్మ మా బడి డ్రాయింగు మాస్టారు వేశారు. దుకాణంవాళ్లు కమీషన్ పోను ఇవ్వాల్సింది ఇంకా రావాలి. ఎనభై దాకా అమ్ముడుపోయాయి, వందకు పైగా పంచిపెట్టాం. మిగతావి మంచం కింద ఉన్నాయి, నెలకోసారి వేపాకు మారుస్తుంటాం. తెలుగులో చాలామంది రచయితల పరిస్థితి ఇదే అని పెద్దవాళ్లు చెప్పారు. ఈ ఒక్క విషయంలో మనకూ వాళ్లకూ తేడా లేదు.

మాకు ముందు మన మన్యం నుంచే మల్లిపురం జగదీశ్ గారు బడిలో పాఠాలు చెబుతూ 'శిలకోల' కథలు తెచ్చారు. అది చదివాకే మాకు ధైర్యం వచ్చింది. 2024లో నిజామాబాద్ జిల్లా తండా కుర్రాడు రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథలకు సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నాడు. ఆ వార్త వచ్చిన రోజు స్టాఫ్‌రూములో మిఠాయి పంచాం. ఎవరికి ప్రమోషన్ అని హెడ్మాస్టారు అడిగారు.

ఈ మధ్య మాలో చిన్నాయన హాస్టల్ పిల్ల కథను పాత మాటలతోనే, మారని ముగింపుతో తిరగరాసి ఇంకో పత్రికకు పంపాడు. దాంతోపాటు ఒక చీటీ పెట్టాడు. బొమ్మ వేస్తే పిల్లకు యూనిఫాం వేయండి, నీలం పావడా, తెల్ల చొక్కా, చేతిలో ట్రంకుపెట్టె అని. పంపి మూడు నెలలయింది. జవాబు ఇంకా రాలేదు.