పరాయి ఊరి పంతులు: చెన్నై సినిమాలో సామాజిక ప్రాతినిధ్యం

బయటి నుంచి వచ్చిన ఉపాధ్యాయుడు బడిని, బడి ద్వారా ఊరిని మార్చడం చెన్నై కేంద్రంగా ఎదిగిన తమిళ సినిమాలో బాగా పాతుకున్న కథావస్తువు. ‘నమ్మవర్’ (1994), ‘సాట్టై’ (2012), ‘రాట్చసి’ (2019), ‘వాత్తి’ (2023) ఈ కోవలోవే. కులం, స్త్రీపురుష భేదం, ప్రాంతం ఈ కథల్లో కనిపించే తీరు విమర్శకుల చర్చకు తగినది.

ప్రపంచ సినిమాలో ఈ కోవకు ప్రసిద్ధ ఉదాహరణ ‘టు సర్, విత్ లవ్’ (1967). బ్రిటిష్ గయానా నుంచి వచ్చిన నల్లజాతి ఇంజనీరు ఉద్యోగం దొరక్క లండన్ ఈస్ట్ ఎండ్ బడిలో పాఠాలు చెబుతాడు. అక్కడ ఉపాధ్యాయుడి జాతే కథకు కీలకం.

కె.ఎస్. సేతుమాధవన్ దర్శకత్వం వహించిన ‘నమ్మవర్’లో కమల్ హాసన్ క్రమశిక్షణ తప్పిన కళాశాలకు వచ్చిన అధ్యాపకుడు. ఇది తెలుగులో ‘ప్రొఫెసర్ విశ్వం’గా అనువాదమైంది. నాగేశ్‌కు ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ పురస్కారం తెచ్చింది. ‘సాట్టై’లో సముద్రకని పోషించిన దయాళన్‌తో ఈ కథ పల్లెలోని ప్రభుత్వ పాఠశాలకు చేరింది. ‘రాట్చసి’లో జ్యోతిక ప్రధానోపాధ్యాయురాలు గీతారాణి. మగవారికే దక్కుతూ వచ్చిన పాత్ర స్త్రీకి దక్కడం ఇందులోని విశేషం.

వెంకీ అట్లూరి దర్శకత్వంలో 2023 ఫిబ్రవరి 17న విడుదలైన ‘వాత్తి’ తెలుగులో ‘సార్’. ధనుష్ నేరుగా తెలుగులో చేసిన తొలి చిత్రం ఇది. ప్రైవేటు విద్యాసంస్థ తరఫున మారుమూల ప్రభుత్వ కళాశాలకు వచ్చిన గణిత అధ్యాపకుడు బాలు, కూలికి వెళ్తున్న పిల్లలను తరగతికి రప్పిస్తాడు, వారి మధ్య కులభేదాలను తొలగించే ప్రయత్నం చేస్తాడు. ఊరి నుంచి గెంటేశాక పాఠాలను వీడియో క్యాసెట్లలో రికార్డు చేసి, సినిమా హాలులో తెర మీద చెబుతాడు. తెలుగులో ఊరు సిరిపురం, తమిళంలో సోళవరం. ‘సాట్టై’లో ఆదర్శ ఉపాధ్యాయుడైన సముద్రకని ఇందులో విద్యావ్యాపారి.

ఈ చిత్రాల్లో కులం ఊరివాళ్ల సమస్యగానే కనిపిస్తుంది. బయటి నుంచి వచ్చిన పంతులు కులం సాధారణంగా ప్రస్తావనకే రాదు. లండన్ కథతో ప్రధానమైన తేడా ఇదే. వెనుకబడిన వర్గాల పిల్లలు తెర నిండా ఉన్నా, నిర్ణయాలు తీసుకునేది నాయకుడే. అక్కడే పుట్టి పెరిగిన ఉపాధ్యాయుడు నాయకుడు కావడం అరుదు. ‘సార్’లో సంయుక్త పోషించిన జీవశాస్త్ర అధ్యాపకురాలు మీనాక్షి కథలో పక్కపాత్రగానే మిగులుతుంది. అయితే గతాన్ని చెప్పేది కలెక్టరుగా ఎదిగిన పూర్వ విద్యార్థి (సుమంత్) కావడం వల్ల శిష్యుల గొంతుకు కొంత చోటు దక్కింది.

తెర బయట కూడా బడిలో కులం ప్రశ్న సజీవమే. 2023 ఆగస్టులో తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో తోటి విద్యార్థులు ఒక దళిత విద్యార్థిపై దాడి చేశారు. ఆ తర్వాత తమిళనాడు ప్రభుత్వం మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రుతో ఏకసభ్య సంఘాన్ని వేసింది. 2024 జూన్‌లో ఆ సంఘం ఇచ్చిన నివేదిక పాఠశాలల పేర్లలో కులసూచకాలను, విద్యార్థుల చేతికి కులాన్ని తెలిపే రంగుపట్టీలను తొలగించాలంది. ఒక ప్రాంతంలో ఆధిక్యం గల కులానికి చెందినవారిని అక్కడి ప్రధానోపాధ్యాయులుగా నియమించరాదని కూడా సిఫారసు చేసింది.