వాషింగ్టన్ (ఇంటిపేరు)

ఇంగ్లండు ఈశాన్య భాగంలోని డరమ్ సీమలో ఒక ఊరిపేరు నుంచి వచ్చిన ఇంటిపేరు. 12వ శతాబ్దం చివర ఒక భూస్వామి కుటుంబం దీన్ని స్వీకరించింది. ఆ కుటుంబపు శాఖలు లాంకషైర్, నార్తాంప్టన్‌షైర్‌ల మీదుగా దక్షిణానికి జరిగి, 1650లలో సముద్రం దాటి వర్జీనియా చేరాయి. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ (1732–1799) ఈ శాఖలవాడే. అయితే నేడు ఈ ఇంటిపేరు గలవారిలో అత్యధికులు అమెరికా బానిసత్వం నుంచి బయటపడిన ఆఫ్రికన్ల సంతతివారు. వంశవృక్షాలకే పరిమితమైన పాత రచనలు ఈ రెండో చరిత్రను ఒకటి రెండు వాక్యాల్లో దాటవేశాయి. అది న్యాయం కాదు కనుక ఇక్కడ రెండూ చేర్చబడ్డాయి.

ఊరు, పేరు

డరమ్ బిషప్ హ్యూ డు ప్యుసే 1183లో తన భూముల లెక్కలు రాయించాడు. బోల్డన్ బుక్ అని పిలిచే ఆ దస్తావేజులో ఈ కుటుంబపు తొలి ఆధారం ఉంది. విలియం డి హార్ట్‌బర్న్ అనే వ్యక్తి తన హార్ట్‌బర్న్ గ్రామాన్ని బిషప్‌కు వదులుకొని, బదులుగా వెస్సింగ్టన్ గ్రామాన్ని తీసుకున్నాడు. చర్చి, దాని మాన్యం ఈ మార్పిడిలో చేరలేదు. ఏటా 4 పౌన్ల శిస్తు కట్టడం, బిషప్ పెద్ద వేటకు వెళ్లినప్పుడు నాలుగు వేటకుక్కలతో హాజరు కావడం అతని బాధ్యతలు. ఊరు మారగానే అతని పేరూ మారింది: విలియం డి వెస్సింగ్టన్. మార్పిడి 1183కు ముందే జరిగిందన్నది నిశ్చయం. ఎన్నేళ్ల ముందు అన్నదానిపై అంచనాలే ఉన్నాయి. విలియం పూర్వీకుల గురించి కూడా ఏకాభిప్రాయం లేదు. స్కాట్లండు సరిహద్దు ప్రభువుల వంశంతో అతన్ని కలిపే వాదాలున్నాయి గానీ, వాటిని నిరూపించే సమకాలిక పత్రం చూపినవారు లేరు.

ఊరిపేరు హ్వాస లేదా వాస్సా అనే ఆంగ్లో-సాక్సన్ వ్యక్తి పేరు మీద ఏర్పడిందని స్థలనామ శాస్త్రజ్ఞులు చెబుతారు. ససెక్స్‌లోనూ వాషింగ్టన్ అనే గ్రామం ఉంది. దక్షిణ ఇంగ్లండులో ఈ పేరుతో కనిపించిన కొన్ని కుటుంబాలు అక్కడివారు కావచ్చు. వారిని డరమ్ కుటుంబంతో కలపడానికి ఆధారం కావాలి.

డరమ్‌లోని పెద్ద శాఖకు 14వ శతాబ్దం చివర మగ సంతానం లేకపోవడంతో ఊరు ఆడపిల్ల ద్వారా మరో వంశానికి పోయింది. ఈ ఇంటిపేరువాడైన జాన్ వెస్సింగ్టన్ 1416 నుంచి 1446 దాకా డరమ్ మఠాధిపతిగా పనిచేశాడు. ఊరిలోని పాత భవనం 20వ శతాబ్దంలో కూల్చివేతకు సిద్ధమైనా, స్థానికులు పూనుకొని కాపాడారు.

లాంకషైర్ నుంచి సల్‌గ్రేవ్‌కు

13వ శతాబ్దం చివర రాబర్ట్ అనే చిన్న శాఖవాడు సైజర్‌లోని స్ట్రిక్‌లండ్ కుటుంబపు అమ్మాయిని పెళ్లాడి పడమటి వైపు వెళ్లాడు. ఆ సంతతి లాంకషైర్ ఉత్తరాన వార్టన్ పారిష్‌లో స్థిరపడింది. వార్టన్ చర్చి గోపురానికి 15వ శతాబ్దంలో ఈ కుటుంబం సాయం చేసిందనడానికి గుర్తుగా వారి వంశచిహ్నం చెక్కిన రాయి అక్కడ ఉంది: తెల్లని నేల మీద రెండు ఎర్ర అడ్డపట్టీలు, పైన మూడు ఎర్ర నక్షత్రాలు. అమెరికా జాతీయ జెండా దీని నుంచే వచ్చిందన్న మాట విస్తారంగా వినిపిస్తుంది. 1876లో మార్టిన్ టప్పర్ రాసిన నాటకం దానికి బలమైన ప్రచారం ఇచ్చింది. జెండాను నిర్ణయించినవారి కాగితాల్లో దీని ప్రస్తావన లేదు కనుక ఆ కథను నమ్మలేం. వాషింగ్టన్ నగరపు జెండా సంగతి వేరు. 1938లో ఆమోదించిన ఆ జెండా నేరుగా ఈ చిహ్నమే.

వార్టన్‌లో పుట్టిన లారెన్స్ వాషింగ్టన్ 16వ శతాబ్దం తొలి భాగంలో నార్తాంప్టన్ వెళ్లి ఉన్ని వ్యాపారం చేశాడు. ఉన్ని వ్యాపారంలో ధనవంతులైన కిట్సన్‌లతో ఉన్న బంధుత్వం అతనికి దారి చూపిందని అంటారు; ఇది నమ్మదగినదే. 1532లోనూ 1545లోనూ ఆ పట్టణానికి మేయరయ్యాడు. 8వ హెన్రీ మఠాలను రద్దు చేసి భూములు అమ్మినప్పుడు, 1539లో (కొందరి లెక్కన 1540లో) సల్‌గ్రేవ్ గ్రామాన్ని 324 పౌన్ల చిల్లరకు కొన్నాడు. అక్కడ అతను కట్టిన ఇల్లు ఇంకా ఉంది. భూమి మూడు తరాలు నిలవలేదు. 1610లో అది చేయి మారింది, కుటుంబం స్పెన్సర్ల అండలో బ్రింగ్టన్ చేరింది.

వలసదారులెవరు? సుదీర్ఘ వివాదం

వర్జీనియాకు వెళ్లిన జాన్, లారెన్స్ అనే అన్నదమ్ముల తండ్రి ఎవరన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి దాదాపు వంద ఏళ్లు పట్టింది. ఈ వంశంలో తరానికొక లారెన్స్, తరానికొక జాన్ ఉండడమే చిక్కుకు మూలం. ఇంగ్లండులో వంశచిహ్నాల ప్రధానాధికారి సర్ ఐజక్ హెర్డ్ అడిగినప్పుడు జార్జ్ వాషింగ్టన్ 1792 మే 2న బదులు రాశాడు. ఈ విషయం మీద తాను పెద్దగా శ్రద్ధ పెట్టలేదని, ఇంగ్లండులో ఉత్తరాది జిల్లాల నుంచి తమవారు వచ్చారని పెద్దలు చెప్పగా విన్నానని అందులో ఉంది. హెర్డ్ సల్‌గ్రేవ్ వంశంలోనే ఒక జాన్‌ను, ఒక లారెన్స్‌ను గుర్తించి వారే వలసదారులని తేల్చాడు. ఆ నిర్ణయం 19వ శతాబ్దపు గ్రంథాల్లోకి యథాతథంగా ఎక్కింది.

1866లో జోసెఫ్ లెమ్యుయెల్ చెస్టర్ దీన్ని కూలదోశాడు. హెర్డ్ చెప్పిన జాన్ వర్జీనియా వెళ్లనే లేదు. అతను సర్ బిరుదు పొంది ఇంగ్లండులోనే బతికిన థ్రాప్‌స్టన్ వాసి. మరి అసలు జాన్ ఎవరు? 1889లో హెన్రీ ఫిట్జ్‌గిల్బర్ట్ వాటర్స్ వీలునామాలు, చర్చి రిజిస్టర్లు తిరగేసి జవాబు తెచ్చాడు. హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ట్రింగ్ చర్చిలో లారెన్స్ వాషింగ్టన్ పిల్లలు ముగ్గురికి బాప్తిస్మం జరిగింది. అదే ఊరి ఆండ్రూ నోలింగ్ 1650లో తన వీలునామాలో అదే కుటుంబపు పిల్లలకు ఆస్తి రాశాడు. వారి తల్లి ఆంఫిలిస్‌కు నోలింగ్ మారుతండ్రి. 1656లో ఆమె ఆస్తి నిర్వహణ హక్కు కొడుకు జాన్‌కు దక్కింది. వర్జీనియా జాన్ వీలునామాలో కనిపించే చెల్లెలు మార్తా కూడా ఈ కుటుంబంలో ఇమిడిపోయింది. ఇన్ని పత్రాలు ఒకే ఇంటిని చూపుతున్నందున వాటర్స్ నిర్ణయమే సరైనదని ఈ వ్యాసం భావిస్తుంది. తర్వాత వచ్చిన పరిశోధనలు దాన్ని గట్టిపరిచాయే తప్ప కదిలించలేదు.

ఆ తండ్రి రెవరెండ్ లారెన్స్ వాషింగ్టన్, సల్‌గ్రేవ్ లారెన్స్‌కు మునిమనవడు. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రేజ్‌నోజ్ కళాశాల ఫెలోగా ఉండి, 1633లో ఎసెక్స్‌లోని పర్లీ చర్చికి రెక్టరయ్యాడు. అంతర్యుద్ధ కాలంలో, 1643లో, తాగుబోతు అని, రాజపక్షపాతి అని ముద్రవేసి పార్లమెంటు అతన్ని తొలగించింది. మొదటి ఆరోపణను తోసిపుచ్చుతూ, అతను నిగ్రహం గలవాడని ఎరిగినవారు ఇచ్చిన సాక్ష్యం 1714లో అచ్చయింది. పదవి పోగొట్టిన ప్రత్యర్థుల మాట కంటే ఈ సాక్ష్యమే మనసుకు పడుతుంది. 1653 జనవరిలో అతను పేదరికంలో చనిపోయాడు. మాల్డన్‌లో సమాధి చేశారు. పెద్దకొడుకు పొగాకు ఓడ ఎక్కడానికి వెనుక ఉన్న పరిస్థితి ఇది.

వర్జీనియా

జాన్ పుట్టిన సంవత్సరం 1631–1634 మధ్య ఏదో ఒకటి. లండన్‌కు చెందిన సీ హార్స్ అనే ఓడలో సరంగుకు సహాయకుడిగా వచ్చాడు. 1657 తొలినాళ్లలో ఆ ఓడ పొటోమాక్ నదిలో ఇసుకలో కూరుకుపోయింది. ఓడ యజమాని ఎడ్వర్డ్ ప్రెస్కాట్ జీతం చెల్లించకుండా పేచీ పెట్టాడు. స్థానిక భూస్వామి నతానియల్ పోప్ జాన్ పక్షాన నిలిచాడు. పోప్ కూతురు ఆన్‌ను జాన్ పెళ్లాడగా, మామ 700 ఎకరాలు ఇచ్చాడు. 1659లో ప్రెస్కాట్ మీద మరో ఫిర్యాదు వెళ్లింది: సముద్రం మీద ఒక స్త్రీని మంత్రగత్తె అని ఉరి తీయించాడని. ఫిర్యాదుచేసిన జాన్ విచారణకు మాత్రం రాలేకపోయాడు. ఆ రోజుల్లోనే కొడుకు బాప్తిస్మం ఉందని గవర్నరుకు రాసి పంపాడు. ప్రెస్కాట్ విడుదలయ్యాడు. జాన్ వారసుడు లారెన్స్ పుట్టిన కాలం ఈ ఉత్తరం వల్లే రూఢి అవుతోంది.

జాన్ ఎదుగుదలకు ఇంకో ముఖం ఉంది. 1675లో సస్క్వెహానాక్ తెగపై పోయిన దళానికి అతను నాయకుల్లో ఒకడు. సంప్రదింపులకు వచ్చిన తెగ పెద్దలను అక్కడ చంపారు. తప్పు వర్జీనియావారిదా, మేరీలాండువారిదా అన్నది అప్పుడే వివాదమైంది. ఊళ్లను మింగేవాడు అనే అర్థంలో స్థానిక తెగలు పెట్టిన పేరు, కొనొటొకారియస్, తర్వాత మునిమనవడు జార్జ్‌కూ అంటుకుంది. జాన్ 1677లో మరణించాడు. తమ్ముడు లారెన్స్ 1660లో ఇంగ్లండులోని లూటన్‌లో పెళ్లాడి, కొన్నేళ్లకు వర్జీనియా చేరాడు.

వలస ఒకే దిశలో సాగలేదు. జాన్ కొడుకు లారెన్స్ 1698లో పోయాక భార్య మిల్డ్రెడ్ మారుమనువు చేసుకొని పిల్లలతో ఇంగ్లండులోని వైట్‌హేవెన్ వెళ్లి, 1701లో అక్కడే చనిపోయింది. ఆమె కొడుకు అగస్టిన్ ఆపిల్‌బీ బడిలో చదివి వర్జీనియా తిరిగివచ్చాడు. జార్జ్ తండ్రి ఇతనే. ఐరోపాలో బవేరియా, ఆస్ట్రియాల వైపు కూడా ఒక వాషింగ్టన్ శాఖ బారన్ బిరుదుతో ఉంది. అమెరికా శాఖతో దాని చుట్టరికం దూరపుది.

బానిసత్వం, విముక్తి, ఇంటిపేరు

జార్జ్ వాషింగ్టన్‌కు సంతానం లేదు. ఇంటిపేరు అతని అన్నదమ్ముల, దాయాదుల ద్వారా సాగింది. 2000 జనగణనలో అమెరికాలో ఈ ఇంటిపేరువారు 1,63,036 మంది. వారిలో దాదాపు 90 శాతం నల్లజాతివారు. యజమాని పేరు బానిసకు అంటుకుందన్న సులువైన వివరణ దీనికి చాలదు. 1799లో మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలు ఉండగా, అందులో జార్జ్ సొంతమైన 123 మందికే (కొందరు 124 అంటారు) అతని వీలునామా వల్ల విముక్తి లభించింది. వారిలో వాషింగ్టన్ పేరు పెట్టుకున్నవారు చాలా కొద్దిమంది. ఈ ఇంటిపేరుగల యజమానులు అనేకులు ఉండడం ఒక కారణం. దేశ స్వాతంత్ర్యంతో ముడిపడ్డ పేరు కావడంతో స్వేచ్ఛ పొందినవారు ఇష్టపడి ఎంచుకోవడం మరొకటి. యజమానులకు తెలియకుండా బానిస కుటుంబాలు తమలో తాము ఇంటిపేర్లు నిలుపుకున్నాయని హెర్బర్ట్ గట్‌మన్ 1976లో పత్రాలతో చూపాడు. ఆ వెలుగులో చూస్తే ఎంపిక పాత్ర పెద్దదనిపిస్తుంది.

బుకర్ టి. వాషింగ్టన్ (1856–1915) ఆత్మకథలో దీనికి స్పష్టమైన సాక్ష్యం ఉంది. వెస్ట్ వర్జీనియాలోని బడిలో హాజరు పిలుస్తున్నప్పుడు ఇంటిపేరు అడుగుతారని గ్రహించి, అప్పటికప్పుడు వాషింగ్టన్ అని చెప్పాడు. అతని మారుతండ్రి సొంత పేరు వాషింగ్టన్ కావడం గమనించదగ్గది. తల్లి తనకు టాలియాఫెరో అని కూడా పేరు పెట్టిందని తర్వాత తెలిసి దాన్ని నడుమ చేర్చుకున్నాడు.

ఈ పేరు మోసినవారి వలసల్లో అతి దీర్ఘమైనది హ్యారీ వాషింగ్టన్‌ది. 1740 ప్రాంతంలో గాంబియా తీరాన పుట్టాడు. 1763లో జార్జ్ అతన్ని కొని డిస్మల్ స్వాంప్ అనే చిత్తడి భూమిని ఎండగట్టే పనికి పంపాడు. 1771లో పారిపోయి పట్టుబడ్డాడు. 1776లో మళ్లీ పారిపోయి, బానిసలకు స్వేచ్ఛ ప్రకటించిన బ్రిటిష్ పక్షంలో చేరాడు. ఓడిన బ్రిటిష్‌వారు 1783లో న్యూయార్క్ ఖాళీ చేస్తూ రాసిన నల్లజాతివారి జాబితాలో హ్యారీ వాషింగ్టన్, వయసు 43 అని నమోదైంది. నోవా స్కోషియాలో కొన్నేళ్లు గడిపి, 1792లో దాదాపు 1,190 మందితో కలిసి సియెర్రా లియోన్ చేరాడు. అక్కడ వలస కంపెనీ భూములపై విధించిన శిస్తుకు ఎదురుతిరిగిన 1800 నాటి తిరుగుబాటులో పాల్గొన్నందుకు నది అవతలి బుల్లమ్ తీరానికి వెళ్లగొట్టబడ్డాడు. అక్కడ చేరిన బహిష్కృతులకు అతను నాయకుల్లో ఒకడయ్యాడు.