ముడుపు కట్టేది విప్పడానికే



కార్తీకమాసం దగ్గరపడుతోందంటే మన ఇళ్లలో అన్నవరం మాట రాకుండా ఉండదు. ఎప్పుడు వెళ్దాం, ఎంతమందిమి వెళ్దాం, టిక్కెట్లకు ఎంతవుతుంది - ఈ మూడూ తేలాకే వ్రతం సంగతి. ఈమధ్య వీటికి తోడు నాలుగో ప్రశ్న కూడా వచ్చి చేరింది. "మీ క్రెడిట్ కార్డులో పాయింట్లు పడ్డాయిగా, వాటితో టిక్కెట్లు రావూ?" అని.

వస్తాయి. కాని ఎవరికి వస్తాయి, ఎంతమేరకు వస్తాయి అన్నది తెలుసుకోవాలంటే ఈ పాయింట్ల పుట్టుపూర్వోత్తరాలు కాస్త తెలియాలి. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. నాకు వచ్చిన లెక్కలు పాలపద్దు, ఇస్త్రీ బట్టల పద్దు, అంతే. కనుక మీరేం భయపడకండి. ఇవాళ చెప్పబోయే లెక్కలు కూడా అంతకంటే కష్టమైనవి కావు.

ముందు మన అన్నవరం నుంచే మొదలుపెడదాం. రత్నగిరి మీద సత్యనారాయణస్వామివారి ప్రతిష్ఠ 1891లో, గోర్స జమీందారు రాజా ఇనుగంటి వేంకట రామనారాయణింగారి కాలంలో జరిగింది. అప్పటికి ఇటు రైలు లేదు. గోదావరి డెల్టా వాళ్లు కాలువల మీద పడవల్లో కొంతదూరం, అక్కణ్ణించి ఎద్దుబళ్ల మీద కొంతదూరం వచ్చేవారు. కటకం నుంచి బెజవాడ దాకా రైలుదారి 1893కీ 1896కీ మధ్య పడింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన 1900లో తయారయింది. ఆ తర్వాతే అవతలి గట్టువాళ్లు కూడా రైలు దిగకుండా అన్నవరం చేరగలిగారు.

రైలు వచ్చినా టిక్కెట్టుకు డబ్బు కావాలిగా! దానికి మన పెద్దవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. పసుపు గుడ్డలో నాణేలు మూటకట్టి, దేవుడి గూట్లో పెట్టేవారు. అదే ముడుపు. దానికి వడ్డీ లేదు, బహుమతీ లేదు. అయితే ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ మూట మీద ఎవ్వరూ చెయ్యి వేసేవారు కారు. ప్రయాణం ముందు, పొదుపు తర్వాత. ఎక్కడికి వెళ్లాలో తెలిశాకే మూట కట్టేవారన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మన రైలుదారి పూర్తవుతున్న ఆ 1896లోనే అమెరికాలో స్పెర్రీ, హచిన్సన్ అనేవాళ్ల కంపెనీ ఒకటి మొదలైంది. వాళ్లు పచ్చరంగు స్టాంపులు అచ్చువేసి దుకాణదారులకు అమ్మేవారు. దుకాణదారు తన దగ్గర సరుకు కొన్న ఇల్లాలికి కొన్ని స్టాంపులిచ్చేవాడు. ఆవిడ వాటిని ఒక పుస్తకంలో అంటించి, పుస్తకం నిండాక కంపెనీకిచ్చి ఏ గిన్నెలో, దీపమో తెచ్చుకునేది. అంటే, మనం ఇవాళ పాయింట్లంటున్నది ఒకప్పుడు ఇల్లాళ్లు కూడబెట్టుకున్న వస్తువే! స్టాంపులు ఉచితం అనుకునేవారు గాని, వాటి ఖరీదు దుకాణదారు కట్టేవాడు. దుకాణదారు సరుకు ధరలో కలుపుకునేవాడు.

ఆ తరువాత కార్డులు వచ్చాయి. 1950లో న్యూయార్కులో డైనర్స్ క్లబ్బు కార్డు మొదలైంది. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా వారు కాలిఫోర్నియాలో ఫ్రెస్నో అనే ఊళ్లో, అడిగారా లేదా అని చూడకుండా సుమారు 60,000 మందికి కార్డులు పోస్టులో పంపేశారు. ఇక విమానాల సంగతి. 1978లో అమెరికా ప్రభుత్వం విమానాల ధరలపై, దారులపై ఉన్న కట్టుబాట్లు సడలించింది. కంపెనీల మధ్య పోటీ పెరిగింది. విమానంలో కొన్ని సీట్లు ఎలాగూ ఖాళీగా పోతాయి. వాటిని మళ్లీ మళ్లీ వచ్చే ప్రయాణికుడికి కానుకగా ఇస్తే మన దగ్గరే ఉంటాడు కదా అని ఆలోచించారు. 1979లో టెక్సాస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ, 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ, ఎన్ని మైళ్లు ఎగిరితే అంత జమ అనే పద్ధతి పెట్టాయి. 1987లో ఆ మైళ్లను బ్యాంకు కార్డుతో ముడిపెట్టారు. ఇక అప్పణ్ణుంచి విమానం ఎక్కకపోయినా, కూరగాయలు కొన్నా మైళ్లు పడటం మొదలయింది.

మనవాళ్లేం వెనకబడలేదు సుమండీ! భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రాబ్యాంకు ఆ 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో కార్డులు తెచ్చిన మొదటి బ్యాంకుల్లో అదొకటి. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గాని, ఆ ఘనత మాత్రం మనదే. 2002లో రైలు టిక్కెట్లు ఇంటర్నెట్లో అమ్మడం మొదలుపెట్టాక, రైల్వేతో కలిసి బ్యాంకులిచ్చే కార్డులూ వచ్చాయి.

ఇంతకీ ఈ పాయింట్ల డబ్బు ఎవరిది? మనం కార్డు గీసినప్పుడల్లా దుకాణదారు బ్యాంకుకు కొంత రుసుము కడతాడు. అందులో ఒక చిన్న ముక్క మనకు పాయింట్లుగా వస్తుంది. ఇంకొంత, బిల్లు పూర్తిగా కట్టలేనివాళ్లు కట్టే వడ్డీ నుంచి వస్తుంది. అంటే నెలనెలా బిల్లు కట్టేసే ఇల్లాలి టిక్కెట్టులో కొంతభాగం, కట్టలేక అవస్థపడే ఇంకో ఇల్లాలు కడుతోందన్నమాట. మనం ఆ రెండో ఇల్లాలు కాకుండా చూసుకోవడం మొదటి జాగ్రత్త.

లెక్క చూడండి. బిల్లులో 20,000 రూపాయలు మిగిల్చామనుకుందాం. నెలకు మూడున్నర శాతం వడ్డీ అయితే 700. దానిమీద పన్ను 18 శాతం, 126. మొత్తం 826 రూపాయలు. చాలా కార్డుల్లో మనకు తిరిగి వచ్చేది వందకు ఒక రూపాయి. ఆ 826 రూపాయలు పాయింట్లలో రావాలంటే 82,600 రూపాయల సరుకు కొనాలి! వడ్డీ కట్టే ఇంట్లో పాయింట్ల మాటే ఎత్తకూడదు.

రెండో లెక్క, పాయింటు విలువ. మీ దగ్గర 6,000 పాయింట్లున్నాయనుకోండి. బ్యాంకువారి జాబితాలో వాటికి ఒక గిన్నెల సెట్టు ఇస్తామంటారు. బజారులో అదే సెట్టు 900కు దొరికితే పాయింటు పదిహేను పైసలు పలికినట్టు. పాయింటుకు పావలా చొప్పున రైలు టిక్కెట్టు ఇస్తే 1,500 వచ్చినట్టు. అవే పాయింట్లతో 4,500 రూపాయల విమానం టిక్కెట్టు వచ్చి, పన్నులకు 700 మనమే కట్టవలసివస్తే, మిగిలిన 3,800ను 6,000తో భాగించండి. పాయింటు అరవైమూడు పైసలు. ఎక్కువ పలికిందిగదా అని అవసరం లేని విమానం ఎక్కితే మాత్రం మిగిలేదేమీ లేదు, హోటలు ఖర్చు అదనం.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. మేం ఉండేది హైదరాబాదు. మా అత్తవారిది అన్నవరానికి దగ్గర్లో పల్లెటూరు. మావారికి చిన్నప్పుడు పెద్ద జబ్బు చేస్తే, వాడు గట్టెక్కి ఓ ఇంటివాడయితే వాడిచేతా, కోడలిచేతా కొండమీద వ్రతం చేయిస్తానని మా అత్తయ్యగారు మొక్కుకుని ముడుపు కట్టారు. రూపాయి పావలాతో మొదలుపెట్టి, ఏటా ఒక పావలా వేస్తూ వచ్చారు. ఆ వ్రతం చూడాలని మామయ్యగారికి కూడా మహా ఉబలాటం. ఒక కార్తీకంలో చూస్తే నా కార్డులో రైలు టిక్కెట్లు నాలుగింటికి సరిపడా పాయింట్లున్నాయి. "పోదామా అమ్మాయ్?" అన్నారాయన. "ఇంకొక్క ఏడాది ఆగండి మామయ్యగారూ, రాజమండ్రి దాకా విమానంలోనే తీసుకెళతాను" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఆ మాఘంలో ఆయన పోయారు.

సంవత్సరీకాలయ్యేదాకా కొండ ఎక్కకూడదన్నారు. అవీ అయ్యాక టిక్కెట్లు తీద్దామని చూస్తే పాయింట్లలో ముప్పాతిక భాగం లేవు. రెండేళ్లు దాటినవి రద్దవుతాయట. ఆ మాట బ్యాంకు కాగితంలో మొదటినుంచీ ఉంది, చదవనిది నేనే. నేను కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే అత్తయ్యగారు గూట్లోంచి ముడుపు తీసుకొచ్చి విప్పారు. రూపాయి బిళ్ల చెల్లుతుంది. పావలాలు 2011 జూన్ 30 నుంచే చెల్లకుండా పోయాయి. "నీ పాయింట్లూ నా పావలాలూ ఒక్కటేనే అమ్మాయ్! ముడుపు కట్టేది విప్పడానికే. విప్పాల్సినప్పుడు విప్పకపోవడం మనిద్దరి తప్పూ" అన్నారావిడ.

ఆ కార్తీకంలో, మిగిలిన పాయింట్లకు కొంత డబ్బు కలిపి రైల్లోనే వెళ్లాం. మేమిద్దరం పీటల మీద కూర్చున్నాం. అత్తయ్యగారు ఆ చెల్లని పావలాలు కూడా హుండీలోనే వేశారు. ప్రసాదం విస్తరాకు విప్పి నోట్లో వేసుకున్నప్పుడు నాకు విమానం గుర్తుకు రాలేదు. మామయ్యగారి నవ్వే గుర్తుకొచ్చింది.

ఇలా రాయితీలు దాచుకుని నష్టపోయింది నేనొక్కదాన్నే కాదు. 2012లో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయినప్పుడు, ఆ సంస్థ మైళ్లు కూడబెట్టుకున్నవాళ్లకు ఎక్కడానికి విమానమే లేకపోయింది. పాయింటు అంటే డబ్బు కాదు, ఒకరిచ్చిన మాట. మాట ఇచ్చినవాళ్లు మారవచ్చు, నిబంధనలు మారవచ్చు.

కనుక నాలుగు పనులు చేయండి. బిల్లు గడువులోగా పూర్తిగా కట్టండి. పాయింట్లు ఏ నెలలో రద్దవుతాయో గోడమీద క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. వాడుకోవడానికి రుసుమెంతో ముందే అడగండి. ఎలాగూ చేయవలసిన ప్రయాణానికే వాడండి, దాని కోసం కొత్త ప్రయాణం కల్పించుకోకండి. రైలు రిజర్వేషను 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. కార్తీకంలో వెళ్లేవారు భాద్రపదంలోనే లెక్క చూసుకుంటే మంచిది.

అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్లు "పోదామా?" అని అడిగిన ఏడాదే బయల్దేరండి. ఉన్నవాటితో వచ్చే టిక్కెట్టే మంచి టిక్కెట్టు.