లాలాగూడ పియానో నుంచి మీ 61 కీల కీబోర్డు దాకా: ఒక్కో బటన్ వెనక ఒక్కో చరిత్ర

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఇంట్లో గానీ, మీ చుట్టాల ఇంట్లో గానీ అల్మారా మీద కవర్ కప్పి పెట్టేసిన కీబోర్డు ఒకటి ఉందా? ఉందంటే మీరు ఒంటరి వాళ్లు కాదు. నేను లాలాగూడలో పిల్లలకు కీబోర్డు నేర్పిస్తాను. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది మొదటి మాట ఇదే: "కొనిచ్చాం సార్, నెల రోజులు వాయించాడు, తర్వాత ఇంట్రెస్ట్ పోయింది."

సరే, ఆ కీబోర్డు తెమ్మని చెప్పి ఆన్ చేసి చూస్తాను. టచ్ ఆఫ్‌లో ఉంటుంది. ట్రాన్స్‌పోజ్ ఎవరో ఎప్పుడో నొక్కి +3 దగ్గర వదిలేసి ఉంటారు. యూట్యూబ్‌లో పాట పెట్టుకుని దానితో పాటు వాయిస్తే ఒక్క స్వరం కూడా కలవదు. అప్పుడు పిల్లాడు ఏమనుకుంటాడు? "నాకు చెవి లేదు, నాకు సంగీతం రాదు" అనుకుంటాడు. తప్పు సెట్టింగ్‌ది, మాట పడేది పిల్లాడు.

ఈ బటన్లు ఎవరో ఇంజనీరు సరదాకి పెట్టినవి కావు. ఒక్కొక్కటీ ఒక పాత సమస్యకి దొరికిన జవాబు. ఆ సమస్య తెలిస్తే బటన్ ఎప్పుడు వాడాలో మాన్యువల్ చూడకుండానే తెలుస్తుంది. అందుకే ఇవాళ చరిత్ర, సెటప్ రెండూ కలిపి చెప్పుకుందాం.

మన లాలాగూడ నుంచే మొదలుపెడతాను. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి నిజాం రైలు మార్గం వచ్చింది. 1893లో లాలాగూడ వర్క్‌షాప్ వచ్చింది. వర్క్‌షాప్ చుట్టూ క్వార్టర్లు, క్వార్టర్లలో మద్రాసు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఉద్యోగులు. వాళ్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మెన్లు. రైల్వే కాలనీ అంటే ఇన్‌స్టిట్యూట్ అనే క్లబ్బు, క్లబ్బులో చెక్క నేల, శనివారం డ్యాన్సు, ఆ డ్యాన్సుకి పియానో. మన ప్రాంతంలో పాశ్చాత్య సంగీతం అడుగుపెట్టిన దారుల్లో రైలు పట్టాల దారి ఒకటి. ఇంకొకటి చర్చి, మూడోది కంటోన్మెంట్ బ్యాండు.

కానీ పియానో అందరిదీ కాదు. ఒక్కసారి దాని లోపల చూడండి. 88 కీలు, 200కి పైగా ఉక్కు తీగలు, ఆ తీగలన్నీ కలిసి లాగే బలం దాదాపు 18 నుంచి 20 టన్నులు. అందుకే లోపల పోత ఇనుప చట్రం ఉంటుంది. నలుగురు ఎత్తాలన్నా కష్టమే. వానాకాలం వస్తే చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం వస్తే ఎండి కుంచించుకుపోతుంది, రెండుసార్లూ శ్రుతి తప్పుతుంది. ట్యూన్ చేసే మనిషిని పిలవాలి, డబ్బులివ్వాలి. పెద్ద హాలు, నెల జీతం, శ్రుతి చేసే మనిషి, ఈ మూడూ ఉన్నవాళ్లకే పియానో.

స్వాతంత్ర్యం తర్వాత ఆ లోకం మారిపోయింది. రాజ్యాంగంలో 336వ అధికరణం ఒకటి ఉంది. రైల్వేలు, కస్టమ్స్, పోస్టు, టెలిగ్రాఫ్ ఉద్యోగాల్లో ఆంగ్లో ఇండియన్లకు అంతకుముందున్న కోటాని రెండేళ్లు అలాగే ఉంచి, తర్వాత రెండేళ్లకోసారి పది శాతం చొప్పున తగ్గించి, పదేళ్లకు పూర్తిగా తీసేయాలని దాని సారాంశం. అంటే 1960కి అయిపోయింది. ఈ కాలంలో చాలా కుటుంబాలు బ్రిటన్‌కి, ఆస్ట్రేలియాకి వెళ్లిపోయాయి. పియానోని ఓడెక్కించడం మామూలు ఉద్యోగికి అయ్యే పని కాదు కదా.

ఇప్పుడు మొదటి బటన్‌కి వద్దాం. టచ్.

1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమెయో క్రిస్తోఫొరి అనే ఆయన ఉండేవాడు. మెడిచీ అనే రాజకుటుంబం దగ్గర వాయిద్యాలు చూసుకునే పని. అప్పటికి ఉన్న కీల వాయిద్యం హార్ప్‌సికార్డ్. అందులో కీ నొక్కితే ఒక చిన్న ముక్క తీగని మీటుతుంది. మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా దాదాపు ఒకటే మోత. క్రిస్తోఫొరి మీటడం మానేసి సుత్తితో కొట్టించాడు. వేలు ఎంత వేగంగా దిగితే సుత్తి అంత వేగంగా తగులుతుంది. మెల్లగా అంటే మెల్లగా, గట్టిగా అంటే గట్టిగా. ఇటాలియన్‌లో పియానో అంటే మెల్లగా, ఫోర్తే అంటే గట్టిగా. పేరే అది. ఆయన 1720ల్లో చేసిన పియానోలు మూడు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి.

మీ కీబోర్డులో టచ్ రెస్పాన్స్ అనే బటన్ ఇదే. లోపల సుత్తి లేదు. కీ కింద రెండు స్విచ్‌లు ఉంటాయి. మొదటి స్విచ్ తగిలిన క్షణానికీ రెండోది తగిలిన క్షణానికీ మధ్య ఎంత సమయం పట్టిందో లెక్కపెట్టి, మీరు ఎంత వేగంగా నొక్కారో కనుక్కుంటుంది. పియానో మోత పెట్టుకుంటే టచ్ ఆన్ చేయండి, లేకపోతే అది పియానోనే కాదు. హార్మోనియం, ఆర్గన్ మోత పెట్టుకుంటే ఆఫ్ చేసినా తప్పు లేదు. ఎందుకంటే అసలు ఆ వాయిద్యాల్లో వేలి బలానికీ మోతకీ సంబంధం లేదు, గాలిదే పని.

హార్మోనియం అన్నాను కదా, మన అసలు కథ ఇక్కడుంది. 1840ల మొదట్లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ హార్మోనియం పేరుతో పేటెంట్ తీసుకున్నాడు. అది కాలితో తొక్కేది, కుర్చీలో కూర్చుని వాయించేది. మనవాళ్లు కింద కూర్చుని పాడతారు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో చేత్తో గాలి కొట్టే పెట్టెని చేశాడని చెబుతారు. పియానో వెళ్లలేని చోట్లకి ఈ పెట్టె వెళ్లింది. భజన మందిరానికి, చర్చికి, నాటకం స్టేజీకి. 1885లో పుట్టిన సురభి నాటక సమాజాలు గానీ, ఊరూరా తిరిగిన పద్య నాటకం కంపెనీలు గానీ, హార్మోనిస్టు లేకుండా తెర ఎత్తేవాళ్లు కాదు.

కానీ ఒక చిక్కు. ఒకాయన ఒకటిన్నర శ్రుతిలో పాడతాడు, ఆమె ఐదు శ్రుతిలో పాడుతుంది. ఈ లెక్క ఎలా వచ్చిందో తెలుసా? తెల్ల కీలు లెక్కపెట్టడమే. సి ఒకటి, డి రెండు, ఈ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ఏ ఆరు, బి ఏడు. మధ్యలో నల్ల కీ వస్తే అర. సి షార్ప్ ఒకటిన్నర, జి షార్ప్ ఐదున్నర. శ్రుతి మారినప్పుడల్లా వేళ్ల వరస మార్చుకోవాలంటే కష్టం. అందుకని హార్మోనియం చేసేవాళ్లు కీల వరస మొత్తాన్ని పక్కకి జరిపే ఏర్పాటు చేశారు. దాన్ని స్కేల్ చేంజర్ అంటారు. వేళ్లు అదే చోట, శ్రుతి మాత్రం మారుతుంది.

మీ కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ ఆ పనే చేస్తుంది. మీకు మాయామాళవగౌళ సరళి వరసలు సి నుంచి మాత్రమే వచ్చు అనుకోండి. పాడే అమ్మాయి శ్రుతి ఐదు. ట్రాన్స్‌పోజ్ +7 పెట్టండి, లేదా కింది స్థాయి కావాలంటే -5. అంతే, మీ వేళ్లు సి దగ్గరే ఉంటాయి, జి పలుకుతుంది. పని అయ్యాక మళ్లీ సున్నాకి తెచ్చేయండి. ఇది మర్చిపోవడం వల్లే నేను మొదట చెప్పిన పిల్లాడి గొడవ.

హార్మోనియం మీద ఇంకో పెద్ద గొడవ జరిగింది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంని స్టూడియోలోకి రానివ్వకూడదని నిషేధం పెట్టింది. అది 1971 దాకా నడిచింది. ముప్పై ఏళ్లు! ఆ వాదనలో పస లేకపోలేదు. కీల వాయిద్యంలో ఒక సప్తకాన్ని 12 సమాన ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్క 100 సెంట్లు. షడ్జమానికి సహజంగా కలిసే అంతర గాంధారం దాదాపు 386 సెంట్ల దగ్గర ఉంటుంది, కీ మాత్రం 400 దగ్గర పలుకుతుంది. 14 సెంట్లు ఎక్కువ. తంబూరా పెట్టుకుని వింటే ఆ తేడా చెవికి తెలుస్తుంది. ఇంకా ముఖ్యమైంది గమకం. వీణలో తీగ లాగితే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది. హార్మోనియం కీకి, కీకి మధ్య ఏమీ లేదు, మెట్లు తప్ప.

మీ కీబోర్డు ఎడమ పక్కన చక్రంలాంటిది ఉంటే, అది పిచ్ బెండ్. ఈ జారే పని అదే చేస్తుంది. చవక మోడళ్లలో ఇది ఉండదు, కొనేటప్పుడు చూసుకోండి. చెన్నైలో కె. సత్యనారాయణన్ లాంటి విద్వాంసులు కుడిచేత్తో స్వరాలు వాయిస్తూ గమకానికి ఈ పిచ్ బెండ్‌నే వాడి కర్ణాటక కచేరీలు చేస్తున్నారు. అంటే రేడియో వాళ్లు ఎత్తి చూపిన లోటుని చాలా మటుకు సాధనతో పూడ్చారు. మీరు కర్ణాటకం నేర్చుకుంటుంటే బెండ్ రేంజ్ సెట్టింగ్ చూడండి. మామూలుగా 2 ఉంటుంది, అంటే చక్రం పూర్తిగా తిప్పితే రెండు అరస్వరాలు జరుగుతుంది.

ఇక 1980లకి వద్దాం. 1980లో క్యాసియో కంపెనీ క్యాసియోటోన్ 201 తెచ్చింది. అప్పటిదాకా కాలిక్యులేటర్లు, వాచీలకి పేరున్న కంపెనీ. అక్కడి నుంచి కీబోర్డు మధ్యతరగతి ఇంటి వస్తువు అవడం మొదలైంది. 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. అదే సంవత్సరం జనవరిలో అమెరికాలో ఒక వాయిద్యాల ఎగ్జిబిషన్‌లో రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లని ఒక కేబుల్‌తో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది కూడా పలికింది. దాని పేరు మిడి. రోలాండ్ కంపెనీ ఇకుతారో కకెహాషి, సీక్వెన్షియల్ సర్క్యూట్స్ డేవ్ స్మిత్, ఈ ఇద్దరూ దీనికి ముఖ్యులు. 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

మిడిలో పాట వెళ్లదు, సమాచారం వెళుతుంది. ఏ కీ, ఎంత వేగం, ఎప్పుడు వదిలారు, అంతే. మధ్య సి నంబర్ 60. వేగం 1 నుంచి 127. మీ కీబోర్డు వెనక చతురస్రంలాంటి యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. దాన్నుంచి ఓటీజీతో ఫోన్‌కి కలిపితే ఫోన్‌లోని యాప్ మీ వేళ్లని వింటుంది. నలభై ఏళ్ల కిందటి ఆ భాషే ఇవాళ మీ ఫోన్ కూడా మాట్లాడుతోంది.

తెలుగు సినిమా పాట మారింది కూడా ఈ రోజుల్లోనే. రాజ్-కోటి పాటల్లో సింథసైజర్ మోత వినే ఉంటారు. 1992లో 'రోజా'తో దేశానికి తెలిసిన ఏ.ఆర్. రెహమాన్, అంతకుముందు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించాడు.

1991లో ఇంకోటి జరిగింది. అన్ని కంపెనీలకీ ఒకే వరసలో 128 మోతలు ఉండాలని ఒప్పందం చేసుకున్నారు. 1 నంబర్ గ్రాండ్ పియానో. మనవి? 105 సితార్, 112 షెహనాయి. వీణ లేదు, మృదంగం లేదు. తర్వాత ఇండియా కోసమే చేసిన మోడళ్లు వచ్చాయి. యమహా పీఎస్ఆర్-ఐ వరసలో తంబూరా, తబలాతో రియాజ్ చేసుకునే ఏర్పాటు ఉంది. ఎవరు కొంటారో వాళ్ల మోతలే లోపలికి వస్తాయి మరి.

సరే, ఇప్పుడు సెటప్. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

స్టాండు ఎత్తు: కూర్చుని వేళ్లు కీల మీద పెడితే మోచేయి కీలతో సమానంగా ఉండాలి. మంచం మీద పెట్టి వంగి వాయిస్తే రెండు వారాల్లో మెడ పట్టేస్తుంది.

అడాప్టర్: కంపెనీదే వాడండి. వేరేది కొంటే వోల్టేజీ, ప్లస్ మైనస్ గుర్తు రెండూ కలవాలి.

సస్టెయిన్ పెడల్: ఆఫ్‌లో ఉన్నప్పుడే గుచ్చండి, దాని మీద కాలు పెట్టకుండా ఆన్ చేయండి. కాలు పెట్టి ఆన్ చేస్తే చాలా మోడళ్లలో పెడల్ తిరగబడి పనిచేస్తుంది.

స్పీకర్: వాల్యూమ్ తగ్గించి ముందు కీబోర్డు, తర్వాత స్పీకర్ ఆన్. ఆపేటప్పుడు ముందు స్పీకర్.

హెడ్‌ఫోన్: వైరుదే వాడండి. బ్లూటూత్‌లో నొక్కిన తర్వాత కాస్త ఆగి వినిపిస్తుంది, తాళం పోతుంది.

ఆటో పవర్ ఆఫ్: కాసేపు ముట్టుకోకపోతే దానంతటదే ఆగుతుంది. పాడైందని షాపుకి పరిగెత్తకండి.

చివరగా, వాయించే ముందు రెండు చూడండి: ట్రాన్స్‌పోజ్ సున్నా, టచ్ ఆన్.

ఈ హెడ్‌ఫోన్ జాక్ గురించి ఒక్క మాట. లాలాగూడ, మెట్టుగూడ, అడ్డగుట్ట వైపు ఇళ్లు మీకు తెలుసు. రెండు గదులు, పక్క గోడకి ఇంకొకరు, ఒకే గదిలో అన్న పరీక్షకి చదువుతుంటాడు, నైట్ డ్యూటీ చేసొచ్చిన నాన్న పడుకుని ఉంటాడు. అక్కడ పియానో అన్న మాటే లేదు. ఒక అమ్మాయి రాత్రి పదింటికి ఎవరినీ లేపకుండా గంటసేపు సాధన చేసుకోగలుగుతోందంటే ఆ చిన్న రంధ్రం వల్లే. నా దృష్టిలో మూడు వందల ఏళ్ల ఈ చరిత్రలో సుత్తి తర్వాత అంత పెద్ద మార్పు అదే.

కాబట్టి ఎవరైనా "కీబోర్డు మన వాయిద్యం కాదు" అంటే వాదించకండి. గమకం విషయంలో వాళ్ల మాట సగం నిజం, ఒప్పుకోండి. మిగతా సగానికి జవాబు మీ సాధన.

వచ్చే ఎపిసోడ్‌లో పిచ్ బెండ్‌తో మోహన రాగం ఎలా మొదలుపెట్టాలో చూద్దాం. ఈలోగా మీ కీబోర్డు మోడల్ ఏంటి, ఆన్ చేసినప్పుడు ట్రాన్స్‌పోజ్ ఎంత దగ్గర ఉందో కామెంట్‌లో రాయండి. ఉంటాను ఫ్రెండ్స్.